నీళ్ళలో పడిన మనిషి ఎవరన్న విషయమై

గాలిని లొంగదీసుకుని పడవ నడపడం మనిషి కొన్ని వేల ఏళ్ళ కిందటే నేర్చుకున్నాడు. ఆ గాలికి నియమ నిబంధనలు రాసి, అనుబంధాలు చేర్చి, నోటీసు బోర్డుకి గుచ్చే పని మాత్రం అప్పట్లో ఎవరికీ తీరలేదు. ఆ లోటు ఒంటారియో సరస్సు ఒడ్డున, ఏజాక్స్‌కి కాస్త తూర్పున ఉన్న హెరాన్ పాయింట్ సెయిలింగ్ క్లబ్బు తీర్చింది. వేసవిలో ప్రతి బుధవారం సాయంత్రం ఆ క్లబ్బు పద్నాలుగు తెరచాప పడవలకి పందెం పెడుతుంది. పందేనికి పట్టేది గంటా పావు. దాని నిబంధనల పుస్తకం నూట డెబ్బై రెండు పేజీలు (అనుబంధాలు కాక).

ఆ పుస్తకం ప్రకారం జెండాయే చట్టం. హారన్ మోత కేవలం మర్యాద. మోత వినపడకపోయినా జెండా లేచిందంటే పందెం మొదలైనట్టే. చెవులు చిల్లులు పడేలా మోగినా, జెండా లేవకపోతే అది శబ్ద కాలుష్యం కిందికి వస్తుంది. ఈ ఒక్క ముక్క సమయానికి తెలియక పీటర్ మొదటి సీజన్ సగం పాడుచేసుకున్నాడు.

పీటర్ ఒషావాలో కార్ల విడిభాగాలు చేసే ప్లాంటులో సూపర్‌వైజరు. పుట్టింది నిజాంపట్నం దగ్గర, సముద్రం మీద బతికే ఇంట్లో. తండ్రి నావలో చుక్కాని పట్టిన చేయి కాబట్టి, మెడ మీద గాలి తగిలిన తీరును బట్టే అది పావుగంటలో ఎటు తిరుగుతుందో చెప్పగలడు. రెండేళ్ళ కిందట ఒక పాత పడవ కొని క్లబ్బులో తాత్కాలిక సభ్యుడయ్యాడు. తాత్కాలిక సభ్యుడు శాశ్వత సభ్యుడు కావాలంటే రెండు సీజన్లలో ఒక్క పందెంలోనైనా ఫలితాల పట్టికలో అతని పేరు పక్కన అంకె పడాలి. ఏ అంకె అయినా సరే, పద్నాలుగైనా అభ్యంతరం లేదు. పడకపోతే పడవ కట్టుకునే చోటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పోతుంది, పడవని ఇంకో చెరువు చూసుకోమంటారు. (తాత్కాలికం నుంచి శాశ్వతానికి మారడమంటే ఏమిటో ఈ దేశానికి వచ్చిన తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు.)

పీటర్ పేరు పక్కన రెండేళ్ళుగా పడుతున్నవి అక్షరాలు. హారన్ విని బయల్దేరినందుకు, పందెం మొదలయ్యే గీత ముందే దాటాడని మూడు ఇంగ్లీషు అక్షరాలు. క్లబ్బు హాల్లో రిజిస్టరు మీద సంతకం పెట్టకుండా వెళ్ళి, పందెమంతా నడిపి, రెండోవాడిగా వచ్చిన రోజున, అసలు పందేనికే రాలేదని ఇంకో మూడు. ఎదురొచ్చిన పడవలో పెద్దాయన ఉన్నాడని, దారి తనదే అయినా పక్కకి తప్పుకుని, మలుపు గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయాని గుద్దుకున్నందుకు మరో మూడు. అలా ఇరవై ఆరు అక్షరాల్లో చాలావరకూ ఆయన పేరు పక్కకి వచ్చి చేరాయి. ఆయన పైకి నవ్వేవాడు. పడవని తుడిచేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు, అది భార్య జ్ఞానసుందరి కనిపెట్టింది.

జ్ఞానసుందరి ఏజాక్స్‌లో వృద్ధుల హోములో పనిచేస్తుంది, ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠం చెబుతుంది. ప్రతి సభ్యుడి ఇంటి నుంచి ఒకరు పందెం నిర్వహణకి రావాలన్నది పదకొండో పేజీ. ఆమె పుస్తకం మొత్తం స్కేలు, ఎర్ర పెన్సిలు పెట్టుకుని చదివింది. "అమ్మా, నోబడీ రీడ్స్ దట్ బుక్" అంది కూతురు హోప్. అది నిజమే. ఆ పుస్తకం మీద క్లబ్బు పెట్టే పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న మొట్టమొదటి మనిషి కావడంతో, క్లబ్బువాళ్ళు కంగారుపడి ఆమెనే పందెం అధికారిగా వేశారు. లంగరు వేసిన కమిటీ పడవలో నిలబడి జెండాలు ఎత్తడం, దించడం, హారన్ ఊదడం, గీత దాటినవాళ్ళ సమయం రాయడం ఆమె పని.

ఆగస్టు ఆఖరి బుధవారం వచ్చింది. పీటర్ గడువులో మిగిలిన పందెం అదొక్కటే. ఆరున్నరకి మొదలు కావాలి. గాలి చక్కగా ఉంది. పదమూడు పడవలు గీత వెనక తిరుగుతున్నాయి. పద్నాలుగోది ఇంకా ఒడ్డునే ఉంది. అది డగ్లస్ ప్రిచర్డ్ గారిది.

ప్రిచర్డ్ గారికి డెబ్బై ఒక్క ఏళ్ళు. నిబంధనల కమిటీకి ఛైర్మన్. ఆ నూట డెబ్బై రెండు పేజీలూ (అనుబంధాలతో సహా) ఆయన చేతిరాతలోనే పుట్టాయి.

జ్ఞానసుందరి వాళ్ళ చర్చిలో సంఘపెద్ద వచ్చి ముందు వరసలో కూర్చునేదాకా మొదటి పాట ఎత్తుకోరు. ఇది ఎక్కడా రాసి లేదు, రాయాలని ఎవరికీ తోచలేదు కూడా. పెద్దాయన రాకుండా మొదలుపెట్టడం ఆమెకి చేతకాలేదు. పైగా నలభై ఒకటో పేజీ ప్రకారం, అధికారి ఏ కారణం చేతనైనా, కారణం లేకుండానైనా పందేన్ని వాయిదా వేయవచ్చు. ఆమె ఎరుపూ తెలుపూ చారల జెండా ఎత్తి రెండుసార్లు హారన్ ఊదింది.

పీటర్ పడవని దగ్గరగా తెచ్చాడు.

"ఏంటి సుందరీ, గాలి బానే ఉందిగా?"

"ప్రిచర్డ్ గారు రావాలి కదండీ."

"ఔనౌను, ఆయన లేకుండా ఎలా" అని తల ఊపి వెళ్ళిపోయాడు. తక్కిన పన్నెండు పడవలవాళ్ళూ జెండా వైపు చూసి, గాలిలో తమకి తెలియని లోపమేదో ఉందని నమ్మి, గంభీరంగా చుట్లు తిరిగారు. ప్రిచర్డ్ గారు ఇరవై రెండు నిమిషాల తర్వాత వచ్చారు. థర్మాస్ ఇంట్లో మరిచిపోయి వెనక్కి వెళ్ళారట. వస్తూనే వాయిదా జెండా చూసి, మంచి నిర్ణయం అన్నట్టు ఆమెకి టోపీ ఎత్తారు.

పందెం ఆరూ యాభై రెండుకి మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి అరవై మూడో పేజీ. పందెం ఎప్పుడు మొదలైనా ముగిసేది ఎనిమిదింటికే. ఆ తర్వాత గీత దాటినవారికి అంకె ఉండదు. ఫరవాలేదు, గాలి ఉంది కదా అనుకుంది.

పీటర్ ఆ రోజు తండ్రి నావలో ఉన్నట్టే నడిపాడు. జెండా చూసి కదిలాడు, బోయాలకి బారెడు దూరం ఇచ్చాడు. ఏడున్నరకి నాలుగో స్థానంలో ఉన్నాడు. నాలుగు అంటే మామూలు అంకె కాదు, ఫ్రిజ్ మీద అంటించుకోదగ్గ అంకె.

ఏడూ ముప్పై ఐదుకి గాలి ఒక్కసారి విసిరింది. మూడో స్థానంలో ఉన్న ప్రిచర్డ్ గారి పడవలో తెరచాప కింది దుంగ అటు నుంచి ఇటు తిరిగి, ఆయన్ని తోసి నీళ్ళలో పడేసింది. పడవలో ఆయనతో పాటు ఉన్నది మేనల్లుడొక్కడే. అతనికి పడవని ముందుకు నడపడం వచ్చు. వెనక్కి తిప్పడం ఆ వారం పాఠంలో లేదు. అతను మామయ్య వైపు భయంగా చూస్తూ ముందుకే వెళ్ళిపోయాడు.

మిగతా పడవలవాళ్ళందరూ తమ తమ తెరచాపల వైపు చూస్తున్నారు. పీటర్ ఒక్కడే పడవ తిప్పాడు. లైఫ్ జాకెట్ పట్టీలు పట్టుకుని, పడవ అంచుకి మోకాలు ఆనించి, తడిసిన ఆ భారీ మనిషిని మూడు గుంజుల్లో లోపలికి లాగాడు. తిన్నగా కమిటీ పడవ దగ్గరికి తెచ్చి భార్యకి అప్పగించాడు. ఆమె దుప్పటి కప్పి వీపు రుద్దుతుంటే, పళ్ళు టకటకలాడుతూ ప్రిచర్డ్ గారు అన్న మొదటి మాట:

"సమయం రాశారా?"

రాసింది. పెద్ద అక్షరాలతో లాగ్ పుస్తకంలో రాసింది. ఏడూ ముప్పై ఐదు, ప్రిచర్డ్ గారు నీళ్ళలో పడ్డారు, పీటర్ తీశాడు.

పీటర్ పందెం వదిలిన చోటికే తిరిగి వెళ్ళి అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు (నూట రెండో పేజీ, ఈసారి ఆయనకి గుర్తుంది). కానీ గాలి అప్పటికే పడిపోయింది. మేనల్లుడు కళ్ళు మూసుకుని గీత దాటాడు. మూడో స్థానం. గీత దాటవలసింది పడవ అని పుస్తకంలో ఉంది కానీ, అందులో ఎవరెవరు ఉండాలన్నది లేదు. ఎనిమిదయింది. పీటర్ పడవ ఇంకా యాభై గజాల దూరంలో పాకుతూ వస్తోంది.

అది గీత దాటేసరికి ఎనిమిదీ నాలుగు.

జ్ఞానసుందరి చేతిలో గడియారం ఉంది, పెన్ను ఉంది. పక్కనున్న మనిషి దుప్పట్లో ముఖం దాచుకుని వణుకుతున్నాడు. ఏడూ యాభై తొమ్మిది అని రాస్తే అడిగేవాడు లేడు. తాను ఎవరికోసమైతే ఇరవై రెండు నిమిషాలు ఆపిందో, ఆ మనిషి కోసమే మొగుడు ఇంకో ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాడు. రెండిటికీ కలిపి నాలుగు నిమిషాలు తక్కువైంది. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకుని ఎనిమిదీ నాలుగు అని రాసింది. దాని పక్కన పందెం ముగించలేదని అర్థమొచ్చే మూడు అక్షరాలు తన చేత్తోనే రాసింది.

అయితే దారి మూసుకుపోలేదు. ప్రమాదంలో ఉన్నవారికి సాయం చేసి నష్టపోయిన పడవకి అంకె ఇచ్చి న్యాయం చేయవచ్చని నూట ముప్పయ్యో పేజీలో ఉంది. గంట లోపల ఐదు పేజీల ఫారం మూడు కాపీలు నింపి ఇవ్వాలి. ఆ ఫారం ఉండే బీరువా తాళం ఛైర్మన్ దగ్గర ఉంటుంది. ప్రిచర్డ్ గారు ఒడ్డుకి చేరగానే దుప్పటితోనే క్లబ్బు మేడ మీదికి వెళ్ళి, బీరువా తీసి, ఫారం ఇచ్చి, పీటర్ నింపాక అందినట్టు ముద్ర వేసి, ముద్ర మీద పడిన నీటిబొట్టుకి క్షమాపణ చెప్పారు.

విచారణ శనివారం. ప్యానెల్‌కి ప్రిచర్డ్ గారే ఛైర్మన్ (క్లబ్బులో ఆ అర్హత ఉన్నది ఆయనొక్కరికే, అర్హత పరీక్ష పెట్టేది కూడా ఆయనే). ఆయనకి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు తల ఊపడానికి కూర్చున్నారు. ప్రిచర్డ్ గారు ఇస్త్రీ బట్టల్లో, ఆరోగ్యంగా ఉన్నారు.

నీళ్ళలో ఒక మనిషిని చూశారా అని అడిగారు. చూశానన్నాడు పీటర్. ఆ మనిషి ఎవరని అడిగారు.

"మీరే సర్."

ప్యానెల్ సభ్యుల వ్యక్తిగత విషయాలు విచారణలోకి తేకూడదని ప్రిచర్డ్ గారు సౌమ్యంగా గుర్తుచేశారు. ఇద్దరూ తల ఊపారు. సాక్షులున్నారా అని అడిగారు. మేనల్లుడు గురువారమే రెజైనాలో యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళలో ఉన్న మనిషినే సాక్షిగా పిలవమని పీటర్ కోరాడు. విచారణ జరిపేవారు సాక్ష్యం చెప్పకూడదు కాబట్టి, ఒకవేళ ఆ మనిషి తానే అయితే రాలేడనీ, తాను కాకపోతే ఎవరో తెలియదు కనుక పిలవలేమనీ ప్రిచర్డ్ గారు వివరించారు. ఎంత ఓపిగ్గా వివరించారంటే, పీటర్‌కి అది న్యాయంగానే ఉన్నట్టు ఒక క్షణం అనిపించింది.

జ్ఞానసుందరి లేచి తాను చూశానని చెప్పింది. ఆమె దరఖాస్తుదారుడి భార్య, కాబట్టి చెల్లదన్నారు. లాగ్ పుస్తకం ముందు పెట్టింది. ప్యానెల్ దాన్ని ఆసక్తిగా పరిశీలించింది. ఏడూ ముప్పై ఐదు దగ్గర రాసింది భర్తకి లాభం కలిగించేది కాబట్టి స్వీకరించలేదు. ఎనిమిదీ నాలుగు దగ్గర రాసింది భర్తకి నష్టం కలిగించేది కాబట్టి పూర్తిగా నమ్మదగినదిగా భావించి స్వీకరించింది. ఆమె నిజాయితీని ప్యానెల్ ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నట్టు నమోదు చేయించింది.

తీర్పు అరగంటలో వచ్చింది. ఆ సాయంత్రం సరస్సులో ఒక వయోజనుడు ఉన్నట్టు తెలుస్తోంది. అతనెవరో రుజువు కాలేదు. లైఫ్ జాకెట్ వేసుకున్నాడు కనుక మునగడానికే వచ్చాడని అనుకోలేము. ప్రమాదంలో ఉన్నానని అతను ఇంతవరకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేదు. అందువల్ల దరఖాస్తుదారుడు పందెం మధ్యలో స్వచ్ఛందంగా దారి మళ్ళినట్టు భావించడమైనది. అక్షరాలు మూడూ ఉంటాయి. పడవని పదిహేను రోజుల్లో తీసుకెళ్ళాలి.

మొగుడూ పెళ్ళాలు మెట్లు దిగారు. పీటర్ గట్టు మీద ఆగి పడవ వైపు చూశాడు. గాలి దక్షిణానికి తిరుగుతోందని అన్నాడు, ఎవరితోనో. జ్ఞానసుందరి ఆయన చేయి పట్టుకుంది.

కారు దగ్గరికి చేరేసరికి వెనక అడుగుల చప్పుడు. ప్రిచర్డ్ గారు ఆయాసపడుతూ వచ్చారు. ఇప్పుడాయన ఛైర్మన్ కాదు, విచారణ ముగిసింది. పీటర్ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే, అందులో అనుమానం లేదు.

"నువ్వు లేకపోతే ఇవాళ ఈ తీర్పు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు" అన్నారు.

పీటర్ తల వంచుకున్నాడు.

"ఆ మాట ఆ కాగితం మీద రాసి ఉంటే బాగుండేది సర్" అంది జ్ఞానసుందరి.

"రాయాలనే అనుకున్నానమ్మా" అన్నారు ప్రిచర్డ్ గారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఆధారం దొరకలేదు."