నీలిబిళ్ళల కోసం అయిదు మిల్లీలీటర్లు

సకలలోహకులతిలకమగు టైటానియమునకు జయమగు గాక! ఏసీ మూలుగే మంగళవాద్యముగా, నేలతుడుపు మందు వాసనయే సుగంధధూపముగా వెలయు మూడవ అంతస్తు ప్రయోగశాలలో, గోడగడియారపు చిన్నముల్లు పదకొండును తాకిన మహాముహూర్తమున, ఆరేండ్లుగా నాణెమంత లోహపుబిళ్ళలను అరగదీసి అరగదీసి తోటివారిచేత ‘బిళ్ళలక్క’ యను బిరుదము గడించిన పరిశోధకురాలు, పట్టకారు చేబూని సమరసన్నద్ధయై నిలిచెను.

ఎదుట రెండు సేనలు. ఒకవైపు ఏ సంస్కారము నెరుగని తెల్లబిళ్ళలు; మరొకవైపు ఆమ్లమున మునిగి, విద్యుత్తునకు ఓర్చి, నీలవర్ణము దాల్చిన బిళ్ళలు. గుండెలో అమర్చిన లోహముపై రక్తము గడ్డకట్టెనా, మనిషి ప్రాణమునకే ముప్పు. నీలిపూత ఆ గడ్డను ఆపునా, ఆపదా? అది తేలవలెను. సాయంత్రమైనచో పూత గాలికి చెడును. ఇదివరకే రెండుమార్లు చెడెను. కావలసినది అయిదు మిల్లీలీటర్ల తాజా రక్తము. దాత పదిదినములుగా తలనొప్పిమాత్ర మింగియుండరాదు. మింగినచో రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు మొద్దుబారి దేనికిని అంటుకొనవు.

తానును మొన్ననే ఒకటి మింగియుండుటచే, బిళ్ళలక్క దండయాత్ర వెడలెను.

“తమ్ముడూ, ఈమధ్య మాత్రేమైనా వేసుకున్నావా?”

“నిన్న రెండు, అక్కా. సార్ మీటింగ్ పెట్టారుగా.”

“నువ్వు, చెల్లీ?”

“పొద్దున్నే ఒకటి. సార్ మెయిల్ చూశాక.”

వాచ్‌మన్ నిట్టూర్చెను. “రోజూ సార్ కారు వెనక్కి తీయించేది నేనేనమ్మా. నన్నడుగుతారేంటి?”

మూడుగంటలైనది. అలసి గోడకు జారగిలబడిన ఆ వీరాంగనకు మెరుపువలె తోచెను: ఇంతమందికి తలనొప్పి తెప్పించువానికి తలనొప్పి యెక్కడిది! తక్షణమే ప్రొఫెసరు గది తలుపు తోసి, సంగతి విన్నవించెను.

“విజ్ఞానం కోసం రక్తం ధారపోయాలమ్మా!” అని ఆ ఉపన్యాసకేసరి గర్జించెను. “మా రోజుల్లో మేం ధారపోశాం!”

“అయితే చెయ్యి చాపండి, సార్.”

కేసరి చేయి వెనుకకు దాచుకొనెను. “అంటే… నాకు సూదంటే కొంచెం…”

“కళ్ళు మూసుకోండి. నర్సు వచ్చేసింది.”

“అసలీ అంగీకారపత్రం పదకొండు పేజీలేంటి? ఏ బుద్ధిలేనివాడు రాశాడు?”

“మీరే, సార్.”

సంతకమైనది. పదునేడు మహాసభల వేదికలను అదరగొట్టిన ఆ కంఠము “అమ్మోయ్!” అని ఆక్రోశించెను.

“ఇంకా గుచ్చలేదండీ, దూదితో తుడుస్తున్నా,” అనెను నర్సు.

ఎట్టకేలకు రుధిరధార బిళ్ళలపై ఒలికెను. గడువు తీరి, కడిగి, రంగువేసి సూక్ష్మదర్శిని కింద చూడగా, తెల్లబిళ్ళపై ప్లేట్‌లెట్లు కాళ్ళు చాచి, ఒకదానినొకటి పెనవేసికొని గుట్టలై యుండెను. నీలిబిళ్ళపై ఆమె వేలితో లెక్కించెను, మరల లెక్కించెను. పదునాలుగే! ఆమె కన్నులు చెమర్చెను.

కుడిమోచేయి మడిచి పట్టుకొని ప్రొఫెసరు వెనుక నిలిచెను. “నా రక్తం కదా, అందుకే అంత బాగా వచ్చింది. పేపర్లో మొదటి పేరు నాది పెట్టు.”

ఆరేండ్లుగా “అలాగే, సార్” తప్ప మరొకటి పలుకని ఆ నోట, శంఖారావమువలె మాట వెడలెను: “మొదటి పేరు నాది, సార్.”

ఆయన నర్సువైపు చూచెను. నర్సు నవ్వాపుకొనుచుండెను.

“…సరే.”

“కాగితం మీద రాసివ్వండి.”

ఓహో, దిక్కులారా వినుడు! నాటి సంధ్యవేళ, ఎడమచేతి వంకరరాతతో, ఒక చీటీముక్కపై, రెండక్షరముల ‘సరే’ను బిళ్ళలక్క జయించెను!