ఓరెస్ట్ ముఖదర్శనం

అక్టోబరు మొదటి ఆదివారం పొద్దున్నే ఓరెస్ట్ బాబియుక్ అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నాడు. మామూలుగా మూడు నిమిషాల పని. ఆ రోజు నలభై నిమిషాలైనా తెమల్లేదు. కుడివైపు కాస్త ఎక్కువ తెగిందని ఎడమవైపు సరిచేశాడు, ఎడమవైపు మరీ తెగిందని మళ్లీ కుడివైపుకొచ్చాడు. ఇలాగే సాగితే సాయంత్రానికి మీసమన్నది మిగలదని భార్య స్టెఫానియా వచ్చి కత్తెర లాక్కుంది.

"డెబ్బై రెండేళ్లొచ్చాయి. ఎవరికి చూపించుకోడానికి ఈ సింగారం?"

"దేశానికి," అన్నాడు ఓరెస్ట్.

అందులో అబద్ధం లేదు. కెనడాలో మా మానిటోబా రాష్ట్రంలో యాభై దాటినవాళ్లెవరినైనా నిద్రలో లేపి అడగండి, 'గోఫర్ హోల్' గురించి కళ్లు తెరవకుండానే చెబుతారు. శనివారం సాయంత్రం ఏడయ్యేసరికి విన్నిపెగ్ స్టూడియో నుంచి టీవీలో వచ్చే నవ్వుల కార్యక్రమం అది. ఒకటా రెండా, ఇరవై నాలుగేళ్లు వచ్చింది. ఆవుకి చలానా రాసే కానిస్టేబులు, బట్టలుతికే దుకాణంలో కూర్చుని లోకం మీద చాడీలు చెప్పుకునే వదినామరదళ్లు, ప్రతి వారం అదే చేపను పట్టే జాలరి. చివర్లో వీళ్లందరూ కలిసి ఆ కానిస్టేబుల్ని తరిమేవాళ్లు. వెనకాల మెడకి తగిలించుకుని సాగదీసే అకార్డియన్ పెట్టె మీద పోల్కా అనే డాన్సు పాట ఒకటి గిరగిరా తిరుగుతూ ఉండేది.

ఆ అకార్డియన్ ఓరెస్ట్‌ది. పంతొమ్మిదేళ్లు వాయించాడు. కానీ ఏం లాభం? బ్యాండును గోధుమచేను బొమ్మవేసిన తెర వెనక కూర్చోబెట్టేవాళ్లు. పేర్లు పడేటప్పుడు "మరియు బృందం" అని వేసి సరిపెట్టేవాళ్లు. పంతొమ్మిదేళ్లలో ఓరెస్ట్ చెవి కొన కూడా టీవీలో కనపడలేదు. "నువ్వు వాయించావని నువ్వు చెప్పడమేగా, చూసిందెవరు?" అని ఊళ్లో వాల్టర్ హుమెన్నీ కాఫీ తాగినప్పుడల్లా అనేవాడు. వాల్టర్ రోజుకి నాలుగుసార్లు కాఫీ తాగుతాడు. ఓరెస్ట్ కడుపు ఎంత మండేదో మీరే లెక్కేసుకోండి.

ఇన్నాళ్లకి దేవుడు కరుణించాడు. గోఫర్ హోల్ మొదలై యాభై ఏళ్లయిందని టొరంటో టీవీవాళ్లు ఒక ప్రత్యేక కార్యక్రమం తీస్తున్నారు. మా ఊరు నోవా పోలేలో కోతలయ్యాక ఊరంతా కలిసి పెట్టుకునే విందుకి వచ్చి, అక్కడ ఓరెస్ట్ వాయిస్తుంటే తీస్తామన్నారు. తెర లేదు, గోధుమచేను లేదు. మొహం మీదే కెమెరా.

విందు ఆ సాయంత్రమే, చర్చి పక్క హాలులో. కింది అంతస్తులో భోజనాలు, పై అంతస్తులో ఎదురుచూపులు. వాల్టర్ గుమ్మం దగ్గర కూర్చుని రంగు చీటీలు ఇస్తాడు. పచ్చ చీటీవాళ్లు మొదటి పంక్తి, ఎర్ర చీటీవాళ్లు రెండో పంక్తి. వంటింటికి మహారాణి స్టెఫానియా. ఆవిడ కింద పదకొండుమంది ఆడవాళ్లు, పద్దెనిమిది టర్కీ కోళ్లు, బంగాళాదుంప కూరిన కుడుముల్లాంటి వరెనికీలు మూడువేలు. పక్క ఊరివాళ్ల విందులో పోయినేడు గ్రేవీ చల్లారిపోయిందని స్టెఫానియా ఏడాదంతా జాలిపడుతూనే ఉంది.

నాలుగున్నరకి టీవీ అమ్మాయి కెల్సీ వచ్చింది. పాతికేళ్లుంటాయి. గోఫరంటే నేల ఉడుత కాబట్టి, పాత టేపులు చూసేదాకా గోఫర్ హోల్ జంతువుల కార్యక్రమం అనుకుంది పాపం. పై అంతస్తులో ఓరెస్ట్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టి, కాలరుకి చిన్న మైకు తగిలించింది.

"ఓరెస్ట్ గారూ, ముందు ఒకసారి శబ్దం చూసుకోవాలి. ఆ చివరి పాట కొంచెం వాయిస్తారా? ఊరికే, ఒక్క ముక్క."

"ఒక్క ముక్కేంటమ్మాయీ, నీ ఇష్టం!" అని ఓరెస్ట్ ఎత్తుకున్నాడు.

పైన కూర్చున్న నూటయాభైమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఇందులో వాళ్ల తప్పేం లేదు. మా వైపు చలికాలం రాత్రిళ్లు ఇంజను గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచడానికి కారుకి తీగ తగిలించి గోడకున్న కరెంటు ప్లగ్గులో పెట్టకపోతే, పొద్దున్న ఇంజను చచ్చినా కదలదు. గోఫర్ హోల్ సగంలో వదిలి ఆ పనికి వెళ్లే మొనగాడు మానిటోబాలో పుట్టలేదు. కాబట్టి ఆఖరి పాట మొదలవగానే తండ్రులు కోటు తగిలించుకుని బయటికి, తల్లులు పొయ్యి కట్టేయడానికి వంటింట్లోకి, పిల్లలు నోరెత్తకుండా స్నానానికి. ఇరవై నాలుగేళ్లు ఇదే వరస. అలవాటనడానికి లేదు, ఎముకల్లో ఇంకిపోయింది. తల ఊరుకోమన్నా కాళ్లు వింటాయా?

అందరూ కోట్లు తగిలించుకుని మెట్లు దిగారు. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు. నలుగురూ లేస్తే కారణం అడగడం మా ఊళ్లో అమర్యాద. పాట నేలలోంచి కిందికి దిగింది. మొదటి పంక్తివాళ్లు నోట్లో వరెనికీలతోనే లేచారు. వంటింట్లో పదకొండుమంది ఆడవాళ్లూ, కనీసం అరవై ఎనిమిదేళ్లవాళ్లు, కబుర్లు ఆపకుండానే చెయ్యి చాచి టక టక టకమని ఆరు పొయ్యిలూ రెండు ఓవెన్లూ కట్టేశారు. ఆ టైముకి స్టెఫానియా మీగడ తేవడానికి పెరట్లో కొట్టుగదికి వెళ్లింది. లేకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

బయట మగాళ్లు కార్ల ముందు వంగి తీగ కోసం వెతికారు. అక్టోబరులో తీగేంటి? తీగ కనపడకపోయేసరికి, కారు దగ్గరికి ఎందుకొచ్చామబ్బా అని ఆలోచించి, ఇంటికెళ్లడానికే అయ్యుంటుందని ఎక్కి కూర్చున్నారు. ఎనభై కార్లు ఒక్కసారి వెనక్కి కదిలాయి. అదే సమయానికి పొలాల వైపు నుంచి విందుకి వస్తున్నవాళ్లు ఈ జాతర చూసి బెదిరిపోయారు.

"వాల్టరూ, ఏమైంది? అందరూ పారిపోతున్నారేంటి?"

"నాకేం తెలుసు? చీటీలు కూడా తిరిగివ్వలేదు!"

"గ్యాసు గానీ లీకైందా?"

"అయ్యుండొచ్చు," అన్నాడు వాల్టర్. తెలియదని రెండోసారి చెప్పడం ఆయనకి నామోషీ.

అంతే. గుమ్మం దగ్గర "అయ్యుండొచ్చు" అన్నది గేటు దాటేసరికి "అయ్యింది"గా మారింది, రోడ్డెక్కేసరికి ఇద్దరు పోయారు కూడా. ఎవరో ఫోన్ చేశారు, ఊరి సైరను మోగింది. అగ్నిమాపక దళానికి నాయకుడు డెన్నిస్, ఓరెస్ట్ మేనల్లుడు. దళమంటే ఊరి కుర్రాళ్లే, అందరూ మొదటి పంక్తిలోనే ఉన్నారు. డెన్నిస్ చేతిలో టర్కీ కాలితోనే పరుగెత్తి, ఎదురుగా ఉన్న షెడ్డులో యూనిఫారం టోపీ పెట్టుకుని, ఎర్ర బండి తెచ్చి సరిగ్గా గేటుకి అడ్డంగా పెట్టాడు. ఇక లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"మంటెక్కడ?" అని అరుస్తూ డెన్నిస్ హాలు చుట్టూ పరుగెత్తాడు. మంటెక్కడుందో అతనికి తెలుసేమోనని జనం అతని వెనక పరుగెత్తారు. ఇందరు తరుముతున్నారేంట్రా అని అతను ఇంకా జోరు పెంచాడు.

కిటికీలోంచి కెల్సీ చూసింది. యూనిఫారం టోపీ పెట్టుకున్నవాడు ముందు, ఊరంతా వెనక, చేతిలో టర్కీ కాలు. తను పాత టేపుల్లో చూసొచ్చిన ఆఖరి తరుముడు అచ్చం అదే. ఆ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓరెస్ట్ గారూ, ఆపకండి! ఆపారంటే నా మీద ఒట్టు! కెమెరా మీ మొహం మీదే ఉంది!"

డెన్నిస్ మూడో చుట్టులో ఆ కిటికీ కింద ఆగాడు. "మావయ్యా! ఆపవయ్యా బాబూ! తిరిగి లోపలికి రాబోయి ఆ పాట వినగానే మళ్లీ కార్ల దగ్గరికెళ్లిపోతున్నారు! నువ్వాపితే గానీ వీళ్లాగరు!"

ఓరెస్ట్ చెవిటివాడు కాదు, మూర్ఖుడు అంతకన్నా కాదు. కింద పెళ్లాం టర్కీలేమవుతున్నాయో ఆలోచన రాకా పోలేదు. కానీ పంతొమ్మిదేళ్లు తెర వెనక కూర్చున్న మనిషి ఆ గాజుకన్ను వంక చూశాడు, అది తన వంకే చూస్తోంది. చేతులు ఆగలేదు.

"ఒక్క నిమిషంరా డెన్నిస్! నీకు పుణ్యముంటుంది. జన్మలో ఒక్కసారిరా!"

కింద స్టెఫానియా మీగడ బకెట్టుతో తిరిగొచ్చింది. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. బల్లల మీద సగం తిన్న పళ్లేలున్నాయి, మనుషుల్లేరు. పదకొండుమంది ఆడవాళ్లు కోట్లు వేసుకుని, ఒళ్లో సంచులు పెట్టుకుని వరసగా కూర్చున్నారు.

"ఏమైందే మీకు?"

"అయిపోయింది కదక్కా," అంది ఒకావిడ.

"ఏది?"

"ప్రోగ్రాం."

పైనుంచి పోల్కా వినపడుతోంది. స్టెఫానియా గ్రేవీ గరిటె చేతపట్టుకుని మెట్లెక్కింది. ఎదురొచ్చిన ఫాదర్ బోహ్దాన్ ఆవిడ మొహం చూసి, తనకి వేరే పనేదో ఉన్నట్టు పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ నేరుగా వెళ్లి మొగుడి కాలరు పట్టుకుంది. "నీ మీసం తగలెయ్య! నీ పెట్టె తగలెయ్య! రెండో పంక్తికి తొమ్మిది టర్కీలు! తొమ్మిదీ పచ్చివి!" అక్కడితో ఇంగ్లీషు చాల్లేదు. ఆవిడ అమ్మమ్మ ఉక్రెయిన్ నుంచి ఓడలో తెచ్చుకుని పెట్టెలో భద్రంగా దాచుకున్న ఉక్రేనియన్ తిట్లు ఒక్కొక్కటే బయటికి తీసింది. ఒక్కో తిట్టుకి ఒక్కో దెబ్బ చొప్పున గరిటెతో కుర్చీ వీపు మీద కొట్టింది. ఓరెస్ట్ కెమెరా వంక చిరునవ్వు చెదరకుండా చూస్తూ, ఇంకో మూడు నిమిషాలు వాయించి, పాట పూర్తిచేసి, తల వంచి నమస్కరించాడు.

పాట ఆగగానే జనం ఏమీ జరగనట్టు తిరిగొచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. ఆ ఏడు నోవా పోలేలో గ్రేవీ చల్లగా వడ్డించారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మాటనకుండా తినడం మా ఊళ్లో అన్నిటికంటే పెద్ద తిట్టు. స్టెఫానియా ఆరు వారాలు మొగుడితో మాట్లాడలేదు. అయినా ఓరెస్ట్‌కి దిగుల్లేదు, లోపల్లోపల పండగే.

నవంబరులో కార్యక్రమం వచ్చింది. ఓరెస్ట్ ప్రత్యేకంగా వాల్టర్‌ని ఇంటికి పిలిచి, మంచి కుర్చీలో కూర్చోబెట్టి, అడక్కుండానే కాఫీ ఇచ్చాడు. తెర మీద ఓరెస్ట్ మొహం నిండుగా వచ్చింది. మీసంతో సహా మూడు నిమిషాలు. వేళ్లు మీటల మీద పరుగెడుతున్నాయి, పెట్టె సాగుతోంది, ముడుచుకుంటోంది, వెనక స్టెఫానియా గరిటె లేస్తోంది, దిగుతోంది. చప్పుడు మాత్రం లేదు. ఓరెస్ట్ లేచి టీవీని రెండు తట్లు తట్టాడు. అయినా లేదు.

కెల్సీ ఉత్తరం మర్నాడొచ్చింది. మైకు కాలరుకే ఉండటం వల్ల స్టెఫానియా మాటలన్నీ పాటకంటే స్పష్టంగా పడ్డాయనీ, ఈ దేశంలో ఉక్రేనియన్ అర్థమయ్యేవాళ్లు లక్షమందికి పైగా ఉన్నారని లాయర్లు గుర్తుచేశారనీ, అందుకే శబ్దం మొత్తం తీసేయాల్సి వచ్చిందనీ ఎంతో మర్యాదగా రాసింది.

వాల్టర్ మాత్రం అంతదాకా ఆగలేదు. ఆ సాయంత్రమే కాఫీ కప్పు కింద పెట్టి, "మొహం నీదే, ఒప్పుకుంటున్నా. ఇంతకీ వాయించావంటావా?" అన్నాడు.

ఆ తర్వాతి వారం కిరాణా కొట్లో ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఓరెస్ట్‌ని గుర్తుపట్టి, రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"టీవీలో చూశానండీ! మీ మొహం చూడగానే పోల్చుకున్నా. ఆ గరిటె పట్టుకున్నావిడ తాళం భలే వేసిందండీ, అలాంటి కళాకారిణి ఈ రోజుల్లో దొరకదు!"

ఓరెస్ట్ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.