చచ్చిన ఫోను ఒప్పుకోవాలి

ప్రభుత్వ పథకాలను మాటిమాటికీ అప్‌డేట్ చేస్తున్నారని విసుక్కునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముఖ్యంగా పాత ఎలక్ట్రానిక్ సామాన్లు సేకరించే పథకాన్ని అంటే మరీను! అంతటి మహోపకారం నాకు ఇంకెవరూ చేయలేదు. మా ఆవిడ నన్ను భరిస్తోంది గానీ, అది వేరే లెక్క.

ఆ పథకం మొదట్లో ఎంత అనాగరికంగా ఉండేదో గుర్తుందా? ఆదివారం వీధిలోకి బండి వచ్చేది. బండాయన గోనెసంచి చాపేవాడు. జనం పాడైన మిక్సీ అందులో పడేసేవాళ్లు. అంతే! పాస్‌వర్డ్ లేదు, సెల్ఫీ లేదు. మనిషిని చూసి మనిషి నమ్మేవాడు. ఇలాగైతే దేశం ముందుకెలా పోతుంది చెప్పండి?

నేనప్పుడు ఏమీ ఇవ్వలేదు. ఎప్పటికైనా పనికొస్తాయని కీబోర్డులు, ఏ ఫోనుకూ పట్టని ఛార్జర్లు అన్నీ పాప మంచం కింద దాచాను. మొన్న వాటిలో ఒక పాత ఫోను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పైకి లేచింది.

"అది పేలితే ముందు అంటుకునేది పాప పరుపే. సాయంత్రంలోగా అదైనా బయటికి పోవాలి, మీరైనా పోవాలి!" అంది మా ఆవిడ.

పాత సామాన్లు కొనేవాడు ముట్టుకోనన్నాడు. దాంతో, ఆదివారం బండికి బదులు పెట్టిన సర్కారు సెంటర్‌కే పరుగెత్తాను.

అక్కడ అప్‌డేట్ దర్శనమిచ్చింది! ఫోను తెచ్చినవాడు దొంగో దొరో తెలియాలి కదా? అందుకని అనుమతి కోడ్ ఆ పాత ఫోనుకే వస్తుందట.

"చచ్చిన ఫోనుకు కోడ్ ఎలా వస్తుందండీ?" అన్నాను.

"బతికించి తీసుకురండి," అంది కౌంటర్లో ఆవిడ, చాలా మర్యాదగా.

ఏం ముందుచూపు! పోయేముందు ఫోను అభిప్రాయం కూడా కనుక్కునే సర్కారు ఇంకెక్కడైనా ఉందా?

రిపేరు షాపాయన కొత్త బ్యాటరీ వేశాడు. ఫోను కళ్లు తెరిచింది. ఉబ్బినదాన్ని ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, "ఇది మీరే తీసుకెళ్లండి సార్, నా షాపు తగలబడిపోతుంది," అన్నాడు.

యుద్ధం గెలిచినవాడిలా సెంటర్‌కు తిరిగొచ్చాను. కోడ్ టింగుమని వచ్చింది. ఆవిడ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే పనిచేస్తోందిగా! పనిచేసేవి తీసుకోమండీ."

"మరి ఈ బ్యాటరీ?"

"ఫోనులో ఉంటే తీసుకుంటాం. విడి బ్యాటరీకి ఇంకా ఆప్షన్ పెట్టలేదు."

పాతదాన్నే మళ్లీ ఫోనులో పెట్టి ఇద్దామంటే ఇంకో కోడ్ కావాలట, అది రాదు. కోడ్ రావాలంటే కొత్తది ఉండాలి. చదువుకున్నవాణ్ణి కదా, ఇది బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది.

లాభం చూశారా? ఒక్క వస్తువు వదిలించుకోవడానికి వెళ్లినవాణ్ణి రెండింటితో తిరిగొచ్చాను! మా ఆవిడ డబ్బా వైపు, నా వైపు చూసి, పాప దిండూ దుప్పటీ తీసుకుని మా గదిలోకి నడిచింది.

ప్రస్తుతం పాప గదిని బ్యాటరీకి ఇచ్చేశాం. పాప మా ఇద్దరి మధ్య పడుకుంటోంది.

"నా గది ఎప్పుడిస్తారు నాన్నా?"

"అప్‌డేట్ వచ్చాక తల్లీ."

"అప్‌డేట్ అంటే?"

"నిన్నటిదాకా తీసుకున్నదాన్ని ఇవాళ తీసుకోకపోవడం."

"మరి నిన్ననే ఎందుకివ్వలేదు?"

అచ్చం తల్లి పోలికే!