గీసింది గీసినట్టు

ఆదివారం పొద్దున యాభై మూడేళ్ళ టైలర్ మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మేడ మీది హాలుని రెండు గదులు చేయడానికి వడ్రంగికి ప్లాను ఇవ్వడం. రెండోది, బావమరిదిని ఓడించడం. మొదటి పనికి ఒక కాగితం చాలు. రెండో పనికీ కాగితమే కావాలి. ముందురోజే రెండూ సిద్ధం చేసి, మడతపెట్టి కటింగు బల్ల మీద ఉంచాడు. రెండూ గళ్ళ కాగితాలే. రెండూ ఒకే పెన్సిలుతో గీసినవే. కొంప ముంచింది అదే.

ఆ హాల్లో ఒకప్పుడు పది మిషన్లు తిరిగేవి. రెడీమేడు బట్టలు వచ్చాక పది మూడయ్యాయి, మూడూ కిందికి దిగాయి. ఇప్పుడు అత్తగారు తమ దగ్గర ఉండడానికి వస్తోంది కాబట్టి అందులో ఒక గది ఆవిడకి. పేచీ అంతా రెండో గది గురించే. మాస్టారికి తన పాత టీవీ, పాత గేము పెట్టె పెట్టుకోవడానికి అది కావాలి. సందు చివర మొబైల్ షాపు నడిపే బావమరిదికి తన కొత్త గేము మిషను, గోడంత టీవీ, గిరగిరా తిరిగే కుర్చీ పెట్టుకోవడానికి కావాలి.

ఇద్దరూ ఆడేదీ ఒక జాతి ఆటే. ఆడేవాడే ఒక వీరుడి వేషం కట్టాలి. ఊళ్ళు తిరగాలి, కనపడ్డవాళ్ళందరితో మాట్లాడాలి, కత్తి సంపాదించాలి, గుహల్లోకి దిగి రాక్షసుల పని పట్టాలి. కాకపోతే మాస్టారి ఆటకి ముప్పై ఏళ్ళు. అందులో వీరుడు నాలుగు రంగు గుండీలు పేర్చినట్టుంటాడు. దారి ఎవరూ చెప్పరు. ఏ మలుపు ఎటు పోతుందో ఆడేవాడే గళ్ళ కాగితం మీద గీసుకోవాలి. బావమరిది ఆట నిన్న మొన్నటిది. అందులో గడ్డి గాలికి ఊగుతుంది, గుర్రానికి చెమట పడుతుంది, ఎటు వెళ్ళాలో నేల మీద బంగారు బాణం కనపడుతుంది.

"బాణం చూపిస్తే నడిచేవాడు వీరుడెలా అవుతాడ్రా? కళ్ళకి గంతలు కట్టిన గుర్రం అవుతాడు" అనేవాడు మాస్టారు.

"నీ వీరుడికి అసలు మొహమే లేదు బావా. ముందుకి తిరిగాడో వెనక్కి తిరిగాడో వాణ్ణి కన్నతల్లి కూడా చెప్పలేదు."

"మొహం నేను ఊహించుకుంటాను. నీకు ఆ శ్రమ కూడా లేకుండా చేశారు."

"ఎనిమిది నెలల్నించీ ఒకటే గుహలో ఉన్నావు. విసుగు పుట్టదా?"

"అదేరా గొప్ప. నన్ను ఎనిమిది నెలలు కూర్చోబెట్టింది. నీ ఆటలన్నీ కలిపి నిన్ను ఎనిమిది రోజులు కూర్చోబెట్టాయా?"

మూడు నెలలుగా కంచాల ముందు ఇదే గోల. మాస్టారి భార్య చివరికి గరిటె పక్కన పెట్టి తీర్పు చెప్పింది. "ఆదివారం తమ్ముడి షాపులో నలుగురి ముందూ చెరోసారి ఆడండి. ఎవరి ఆట చూడ్డానికి జనం నిలబడతారో రెండో గది వాళ్ళది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ మాట ఎత్తితే ఇద్దరికీ తిండి బంద్."

మాస్టారు ఏడో అంతస్తుని నమ్ముకున్నాడు. గుహలో అదే ఆఖరిది. అక్కడి దారులు, గోతులు, దెయ్యాలు, నడిమధ్య కూర్చుని వచ్చినవాణ్ణి ఏదో ఒకటి అడిగే ముసలి మంత్రగత్తె, అన్నీ ఎనిమిది నెలలు చెరిపి చెరిపి గీశాడు. ఆ కాగితం చేతిలో ఉంటే పావుగంటలో వీరుణ్ణి అవతల వేస్తాడు. చూసేవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. అదీ లెక్క.

గేము పెట్టె చంకలో పెట్టుకుని, బల్ల మీది మడతల్లో ఒకటి జేబులో దోపుకుని బయల్దేరాడు. గుమ్మం దాటుతూ భార్యతో అన్నాడు. "వడ్రంగి వస్తే ఆ రెండో కాగితం ఇవ్వు. గడికి రెండడుగులు. గీసింది గీసినట్టు కట్టమను. ప్రశ్నలు వద్దు."

"ఒకసారి విప్పి చూసి వెళ్ళకూడదూ?"

"నేను గీసింది నేనే చూసుకోవాలా?"

ఈ 'ప్రశ్నలు వద్దు' వెనక ఒక కథ ఉంది. కిందటేడు ఇదే వడ్రంగి కటింగు బల్ల చేస్తూ, అంగుళం పెంచితే బాగుంటుందని తనంతట తానే పెంచాడు. మాస్టారు ఆ బల్ల మొత్తం విప్పించి మళ్ళీ కట్టించాడు. "బుర్ర నాది, చెయ్యి నీది. నా కాగితంతో నీకు మాటలేమిటి?" అన్నాడు నలుగురిలో. వడ్రంగి ఆ మాట మింగాడు గాని, అరగలేదు. మాస్టారి ఇంట్లో మళ్ళీ పని చేస్తే నోరు విప్పనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

షాపులో పది గంటలకే మందుల కొట్టాయన, మంగలి, సెలవులో ఉన్న పోస్ట్‌మ్యాన్ స్టూళ్ళేసుకుని కూర్చున్నారు. ముందు బావమరిది వంతు. గోడంత టీవీ వెలిగింది. తెర మీద ఒక గీత, దాని పక్కన 'రెండు శాతం' అని కనపడింది.

"ఇదేంట్రా?"

"అప్‌డేట్ బావా. నిన్నే వచ్చిందట. రెండు నిమిషాలు."

అరగంటకి నాలుగు శాతం అయింది.

"వీరుడు ఇంకా స్నానం చేస్తున్నాడా?" అన్నాడు మందుల కొట్టాయన.

మంగలి వెళ్ళి ముగ్గురికి గడ్డాలు గీసి వచ్చాడు. "ఇంకా తొమ్మిదేనా? మా కొట్లో అయితే ఈపాటికి మీ రాక్షసుడికి కూడా క్షవరం అయిపోయేది."

పన్నెండయింది. భోజనాలకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. ఇరవై రెండు శాతం. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఇంక ఆడక్కర్లేదు, గది తనదే అనిపించింది. అయినా మర్యాదకి రెండింటికి లేచి, తన పెట్టె తగిలించి, ఆట క్యాసెట్టు నోటి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊదాడు. స్విచ్చి వేయగానే ఆట మొదలైంది. పోస్ట్‌మ్యాన్ చప్పట్లు కొట్టాడు.

"చూశారా? ఇదీ పాతకాలం సరుకు. పిలిస్తే పలుకుతుంది" అన్నాడు మాస్టారు. వీరుణ్ణి ఏడో అంతస్తు గుమ్మంలో నిలబెట్టాడు. జేబులోంచి కాగితం తీసి దర్జాగా విప్పాడు.

కాగితం మీద రెండు పెద్ద గదులున్నాయి. మధ్యలో ఒక గోడ. ఎడమ గదిలో 'అత్తగారి మంచం' అని రాసి ఉంది.

మాస్టారు కాగితం తిప్పి చూశాడు. వెనక తెల్లగా ఉంది. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. అత్తగారి మంచం అక్కడే ఉంది.

"ఏం బావా, నీ వీరుడికీ అప్‌డేట్ వచ్చిందా?"

కాగితం లేకుండా ఆడబోయాడు. చెమట పట్టిన చేతికి ఒక్క మలుపూ గుర్తు రాలేదు. వీరుడు గోడకి గుద్దుకున్నాడు. వెనక్కి తిప్పితే ఇంకో గోడకి గుద్దుకున్నాడు. మూడోసారి గోతిలో పడి చచ్చాడు. మంగలి తువ్వాలు దులిపి లేచాడు. మందుల కొట్టాయన టైము చూసుకున్నాడు. జనం నిలబడ్డ మాట నిజమే, వెళ్ళిపోవడానికి.

అప్పుడు మాస్టారికి ఇంకో సంగతి తట్టింది. ప్లాను ఇక్కడుంటే, ఏడో అంతస్తు వడ్రంగి చేతిలో ఉంది. గడికి రెండడుగులు. ప్రశ్నలు వద్దు.

లేవబోతుంటే ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మ కనపడటం లేదు."

"ఎక్కడికెళ్ళింది?"

"వచ్చీరాగానే గది చూసొస్తానని మేడ ఎక్కింది. మాట వినపడుతోంది, మనిషి కనపడటం లేదు. వెతకమని మన పనివాణ్ణి పంపిస్తే వాడూ రాలేదు. అసలు మీరేం గీశారండీ?"

మాస్టారు పరిగెత్తాడు. వెనక బావమరిది పరిగెత్తాడు. అమ్మ పోయిందన్న మాట చెవిన పడ్డాక మిగతా ముగ్గురూ ఉంటారా, వాళ్ళూ పరిగెత్తారు.

మేడ మీద హాలు లేదు. ఆరడుగుల ప్లైవుడ్ గోడలు, వాటి మధ్య ఒక్క మనిషికి మించి పట్టని సందులు, సందులోంచి సందులు. గుమ్మంలో వడ్రంగి చేతులు కట్టుకుని, పెళ్ళి చేసి పిల్లని పంపిన తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఒక్క ప్రశ్న అడగలేదు" అన్నాడు. "పదహారు చెక్కలు చాలక మళ్ళీ రెండు బళ్ళు తెప్పించాను, అప్పుడు కూడా అడగలేదు. గొయ్యి అని రాసిన చోట మాత్రం, మేడ కదా, తవ్వడం కుదర్లేదు. బకెట్టు పెట్టాను. తప్పయితే చెప్పండి."

"దెయ్యం అని రాసిన చోట ఏం పెట్టావయ్యా?" అన్నాడు మందుల కొట్టాయన కాగితంలోకి తొంగి చూసి.

"ఖాళీగా ఉంచాను. వాళ్ళే తెచ్చుకుంటారేమో అనుకున్నా."

"విప్పు ముందు" అంది మాస్టారి భార్య.

"విప్పుతానమ్మా. స్క్రూలు లోపలి వైపున్నాయి. విప్పడానికి లోపలికెళ్ళినవాడు మళ్ళీ బయటికి రావాలి కదా."

ఆ మాటకి బావమరిది ముందుకొచ్చాడు. "తప్పుకోండి. మా అమ్మని నేను తెస్తాను" అని ఫోనులో మ్యాపు తెరిచి, బాణం చూసుకుంటూ లోపలికి దూరాడు. కాసేపు అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత ఢణ్‌మంది.

"అక్కా, ఏదో తొక్కాను."

"బాణం ఏమంటోందిరా?" అని అరిచింది అక్క.

"నేను పక్కింటి పెరట్లో ఉన్నానంటోంది."

మాస్టారు వడ్రంగి దగ్గరున్న కాగితం కోసం చెయ్యి చాచాడు. చాచి, ఆగిపోయాడు. పొద్దుటి నుంచి ఆ కాగితం కోసమే కదా చచ్చింది. బావమరిదికి బాణం ఎలాగో తనకి ఈ కాగితం అలాగే అయిందని సిగ్గేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టాడు.

నాలుగు అడుగులు, కుడి. రెండు అడుగులు, ఎడమ. చేతికి గుర్తు రాని మలుపులు కాళ్ళకి గుర్తున్నాయి. ఎనిమిది నెలలు చెరిపి గీసినవి ఎక్కడికి పోతాయి? మూడో సందు మూసుకుపోతుందని తెలుసు. అక్కడే పనివాడు గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. వాణ్ణి లేపి వెంటబెట్టుకున్నాడు. గొయ్యి ఎక్కడో తెలుసు. అక్కడ బావమరిది ఒక కాలు బకెట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, నీకు దారి తెలుసా?"

"నోరు మూసుకుని రా. ఇక్కడ కుడి వైపు దెయ్యం ఉంటుంది" అన్నాడు మాస్టారు. పనివాడు ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

నడిమధ్య గదిలో అత్తగారు వడ్రంగి స్టూలు మీద మహారాణిలా కూర్చుని ఉంది. జీవితంలో ఎవరినీ ఒక మంచి మాట అనని మనిషి. అల్లుడు కుట్టిన జాకెట్టుకి ఇరవై ఏడేళ్ళుగా వంకలు పెడుతున్న మనిషి. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"రా అల్లుడూ. నా గదిలో ఏం రాశావో వడ్రంగి గుమ్మంలోంచి చదివి వినిపించాడు."

అక్కడ ఏం రాశాడో మాస్టారికి తు.చ. తప్పకుండా గుర్తుంది. 'ఇక్కడ ముసలిది. ఎదురు చెప్పకు. ఏమడిగినా ఇచ్చెయ్. లేకపోతే శపిస్తుంది.'

"అది అత్తయ్యా, అది..."

"ముసలిదాన్నే, డెబ్బై రెండొచ్చాయి. శపిస్తాను, అదీ అబద్ధం కాదు. కానీ ఎదురు చెప్పకు, ఏమడిగినా ఇచ్చెయ్ అని కట్టేవాడికి కూడా రాసిచ్చావు చూడు, ఆ మాట నా కడుపున పుట్టినవాడు ఒక్కనాడు అన్నాడా?" అని కొడుకు వైపు చూసింది. "ఆ బకెట్టేమిట్రా కాలికి?"

బయట జనం ఆగలేకపోయారు. మంగలి ఒకవైపు నుంచి, మందుల కొట్టాయన ఇంకోవైపు నుంచి దూరి, ఒకరికొకరు ఎదురుపడి మర్యాదగా నమస్కారాలు పెట్టుకున్నారు. పోస్ట్‌మ్యాన్ ఇరవై ఏళ్ళుగా ఏ చిరునామా తప్పని మనిషి, మూడుసార్లు తిరిగి మూడుసార్లూ గుమ్మంలోకే వచ్చాడు. కబురు సందంతా పాకింది. వచ్చినవాళ్ళు లోపలికెళ్ళడం, అరవడం, నవ్వడం, మాస్టారు వెళ్ళి తీసుకురావడం. సాయంత్రం దాకా మెట్ల మీద వరస తగ్గలేదు. వడ్రంగి గుమ్మంలోనే నిలబడి, ఇది తన చేతిపనే అని అడగనివాళ్ళకి కూడా చెప్పాడు.

బావమరిది ఒకసారి షాపుకి వెళ్ళి వచ్చాడు. "అప్‌డేట్ అయింది, నూరు శాతం" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆఖరికి వాడు కూడా నిట్టూర్చి వరసలో నిలబడ్డాడు.

"జనం నిలబడింది ఏడో అంతస్తు చూడ్డానికే కాబట్టి, గెలుపు మీదే" అంది మాస్టారి భార్య. "రెండో గది మీరు తీసుకోండి."

"ఏదీ?" అన్నాడు మాస్టారు, చుట్టూ చూసి. హాలు మొత్తం మీద గది అనదగ్గది ఒక్కటే ఉంది. అందులో అత్తగారు ఉంది. గోడలు విప్పుతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇన్ని మలుపులు దాటి తన దగ్గరికి రావాలంటే మనిషికి భయం, భక్తీ ఉంటాయంది. మాస్టారు పాత టీవీని ఏ మూల దాచుకోవాలో తెలియక మెట్ల మీద కూలబడ్డాడు.

లోపల్నించి పిలుపొచ్చింది. "అల్లుడూ, ఏమడిగినా ఇచ్చెయ్ అని రాసింది నువ్వే కదూ?"

"నేనే అత్తయ్యా."

"అయితే ఆ టీవీ, ఆ పెట్టె ఇక్కడికి పట్రా. ఎనిమిది నెలలు నిన్ను కూర్చోబెట్టిన ఆట ఏమిటో నేనూ చూస్తాను."

మాస్టారికి ఏనుగెక్కినంత సంబరమైంది. మలుపు మలుపుకీ టీవీ గోడలకి తగలకుండా మోసుకెళ్ళి, తగిలించి, క్యాసెట్టు ఊదాడు. అత్తగారు ఆట ఆడించే మీట అందుకుంది. మళ్ళీ ఇవ్వలేదు. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడెటు?"

"నాలుగు అడుగులు, కుడికి అత్తయ్యా."

"తర్వాత?"

"ఎడమకి. చూసుకోండి, ముందు గొయ్యి ఉంది."

అవతల ఏదో సందులో తప్పిపోయిన బావమరిది గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

ఆ విధంగా ఆ పాత ఆటకి కూడా ఒక బాణం వచ్చింది. దాని వయసు యాభై మూడు.