విమల కారులో నీళ్లు

హన్మంతు కారులోకి నీళ్లు రావడానికి కారణం కిషన్‌రావు. ఇందులో వాదనకు తావు లేదు. పదేళ్ల కిందట ఆ ముసలి ఓపెన్‌టాప్ కారును చూపించి, తన అక్క విమల చేత కొనిపించింది అతనే. విమల పోయి మూడేళ్లయింది. కారు మిగిలింది, బామ్మర్ది మిగిలాడు. రెండింటితోనూ సుఖం లేదు.

కూతురు రుచిత పెళ్లికి ఆ కారులోనే వెళ్లాలన్నది విమల మాట. పెళ్లి ఈ శనివారం పన్నెండింటికి, ఇంగ్లండ్‌లో వాళ్లుండే షెఫీల్డ్ ఊరవతల హాల్లో. ఆ రోజు పొద్దున్నే అరగంటలో లీకు పట్టేసి స్నానం చేద్దామనుకున్నాడు హన్మంతు. బామ్మర్దిని పిలిచాడు.

"నువ్ టాపేసుకొని లోపల కూసో. నీళ్లెక్కడికెల్లి వస్తున్నయో చూడు. అద్దం మీద ఒక్కసారి తడితే నీళ్లు పెంచుత. రెండుసార్లు తడితే ఆపుత."

"పెళ్లి బట్టల మీదున్న బావా."

"కూసొమ్మన్న. ఈత కొట్టమనలే."

నీళ్ల జాడ తెలియాలని అద్దం అంచుల వెంట పెళ్లి పసుపు దండిగా చల్లి, హన్మంతు పైపు పట్టాడు. నీళ్లు కింది నుంచి ఎక్కుతున్నాయన్న అనుమానంతో కిందటి వారమే కారు అడుగున ఉన్న చిల్లులన్నీ లప్పంతో మూసేశాడు. ఆ సంగతీ, తలుపు లోపలి నుంచి తెరుచుకోదన్న సంగతీ చెప్పడం అవసరమనుకోలేదు.

లోపలి నుంచి ఒక్కసారి తట్టిన చప్పుడైంది. పెంచాడు. తర్వాత వరసగా పదిసార్లు. పదికి ఒప్పందం లేదు. ఒకటే పదిసార్లు అయి ఉంటుందని నల్లా పూర్తిగా తిప్పాడు.

ఎదురింటి ముసలామె కిటికీలోంచి ఇదంతా చూసి పోలీసులకు ఫోన్ చేసింది. వచ్చిన పోలీసు, లోపల అద్దం బాదుతున్నది ఎవరని అడిగాడు.

"నా భార్య తమ్ముడు," అన్నాడు హన్మంతు.

పోలీసు అర్థమైనట్టు తలూపాడు. అయినా తలుపు లాగాడు. ముందు నీళ్లు వచ్చాయి, వెనక కిషన్‌రావు వచ్చాడు. ఒళ్లంతా పసుపుతో, పెళ్లికొడుకును చేసినట్టున్నాడు. అతని చేతిలో ఊడొచ్చిన రబ్బరు గొట్టం ఉంది.

"వాన నీళ్లు గిందులకెల్లి బయటికి పోవాలె బావా. గిది అడ్డం పడ్డది."

గొట్టం నిండా గడ్డకట్టిన అక్షింతలు.

"దసరా దసరాకు కారుకు పూజ చేసి అక్కనే గద చల్లింది? నువ్ చాలన్నకొద్దీ ఇంకో పిరికెడు పోస్తుండె."

హన్మంతు ఆ గడ్డను తీసుకుని చేతిరుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు చల్లిన్రో నాకు తెల్వదు. గీ కారు కొనిపిచ్చింది నువ్వేనా, కాదా?"

"నేనే."

"మరి!"

గుమ్మంలోంచి రుచిత అరిచింది. "డాడ్! ఇట్స్ ఎలెవెన్! అండ్ వై ఈజ్ అంకుల్ ఎల్లో?"

కిషన్‌రావు గొట్టం మళ్లీ బిగించాక బయల్దేరారు. దారి పొడవునా వాన దంచింది. రుచిత ప్లాస్టిక్ కవరు పరిచిన సీటు మీద కూర్చుంది. చీర మీద ఒక్క చుక్క పడలేదు. హాలు గుమ్మంలో పంతులు వధువు పక్కనున్న కిషన్‌రావును ఎగాదిగా చూసి, వరుడి వయసు మరోసారి కనుక్కున్నాడు.

తప్పు కిషన్‌రావుదే. దీని గురించి హన్మంతు ఇక ఎప్పుడూ మాట్లాడడు.