మేపుల్ హలో

అది 1983 మే నెలలో ఒక సోమవారం. ఆ ఉదయానికి దామోదర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఫుమికోని గోల్ఫ్ మైదానంలో దింపాలి, ఎనిమిదిన్నరకల్లా ప్లేనో ఊళ్ళోని తన ఆఫీసులో ఉండాలి.

ఫుమికో ఇషిజావా ఒసాకా నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ గోల్ఫ్ క్రీడాకారిణి. ప్రొఫెషనల్‌గా అమెరికాలో ఆమెకిది మొదటి ఏడు. పోటీలకు వచ్చే కొత్తవాళ్ళకు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో బస ఏర్పాటు చేయడం అక్కడి అలవాటు. రోజూ అన్నం వండే ఇల్లని తెలిసి నిర్వాహకులు ఆమెను దామోదర్, అతని భార్య సుమతిల ఇంటికి పంపారు. అన్నం సంగతి బాగానే ఉంది. ఆట సంగతే బాగాలేదు. ఆరు వారాలుగా అసలు పోటీలో చోటు కోసం ప్రతి సోమవారం అర్హత పోటీ ఆడటం, రెండడుగుల దూరం నుంచి బంతిని గుంతలో వేయలేక వెనుదిరగడం. ఈసారీ తప్పితే ఒసాకా వచ్చేయమని ఆమె కోచ్ ఉత్తరం రాశాడు.

"అడ్రస్ రాసిపెట్టావా?" దామోదర్ కారు తాళాలు తీసుకుంటూ అడిగాడు.

"ఫ్రిజ్ మీదుంది చూడండి. వానకి పాత గ్రౌండ్ పాడైందట, వేరే చోటికి మార్చారట. నిన్న ఫోన్ చేసి చెప్పారు," అంది సుమతి.

కాగితం మీద ‘మేపుల్, 8.20’ అని మాత్రమే ఉంది.

"మేపుల్ తర్వాత ఏంటి?"

"ఏం లేదండి. మేపుల్ అని, హలో అన్నాడు. నేనూ హలో అన్నాను. పెట్టేశాడు."

మేపుల్ గ్రోవ్ అనే క్లబ్బులో దామోదర్ ఒకసారి ఆఫీసు డిన్నర్‌కు వెళ్ళాడు. అదే అయివుంటుందని తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు.

క్లబ్బు గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న ఆవిడ చిరునవ్వుతో, "డాక్టరేనా?" అని అడిగింది. ఆరేళ్ళు కష్టపడి ఎలక్ట్రానిక్స్‌లో డాక్టరేట్ తెచ్చుకున్న దామోదర్ ఆ ప్రశ్నకు ఎప్పుడూ కాదనలేదు. ఆవిడ అతని ఫోన్ నంబరు రాసుకుని, చొక్కాకి బ్యాడ్జి తగిలించి, ఇద్దరినీ మైదానంలో తిరిగే చిన్న బండి ఒకటి ఎక్కించింది. ఎనిమిదీ ఇరవై ఆట ముందుకు జరిగింది కాబోలు, కాసేపు చూసి ఆఫీసుకు వెళ్దామనుకున్నాడు దామోదర్.

ఫుమికో జట్టులో ముగ్గురు ముసలాయనలున్నారు. ఆడవాళ్ళ పోటీలో వీళ్ళెవరని ఆమెకు సందేహం వచ్చింది. అంపైర్లయి ఉంటారనుకుని ముగ్గురికీ వంగి నమస్కరించింది. హ్యాంక్ అనే ఆయన దామోదర్ పక్కన చేరాడు.

"ప్రాక్టీస్ ఎక్కడ?"

"ఇంటి దగ్గర పార్కులో. నిన్న రెండు గంటలు చేసింది," అన్నాడు దామోదర్.

హ్యాంక్ అతన్ని ఎగాదిగా చూసి, తన గోల్ఫ్ కర్ర అందుకోవడానికి వెళ్ళాడు.

మొదటి దెబ్బకే ఫుమికో బంతి కనుచూపు దాటింది. కానీ గుంత దగ్గరకొచ్చేసరికి ఆమె చేతులు మళ్ళీ బిగుసుకున్నాయి. రెండడుగులే. తప్పింది. హ్యాంక్‌కి జాలేసింది.

"ఇంత దూరానికి అంత ఆలోచన దేనికమ్మా? ఒక్కసారి చూడు, కొట్టేయి."

అంపైరు చెప్పాడు కదా అని రెండో గుంత దగ్గర ఆమె అలాగే చేసింది. పడింది. మూడోదీ పడింది.

అక్కడ రెండు చెట్ల మధ్య పెద్ద బ్యానరు కట్టి ఉంది. ఫుమికో దాన్నే చూస్తూ, "దామోదర్-సాన్, ఎందుకు పన్ను?" అని అడిగింది.

బ్యానరు మీది పన్ను బొమ్మ టూత్‌పేస్ట్ కంపెనీది అనుకున్న దామోదర్ ఇప్పుడు అక్షరాలు కూడా చదివాడు. అది దంతవైద్యుల వార్షిక వినోద పోటీ. తన బ్యాడ్జి మీదా అదే పన్ను ఉంది.

"ఇక్కడ... మేపుల్ పేరుతో ఇంకో క్లబ్బుందా?"

"మేపుల్ హాలో. పదకొండు మైళ్ళు," అన్నాడు హ్యాంక్.

హలో కాదు, హాలో. టైము ఎనిమిదీ అయిదు. అర్జెంటు పనుందని మాత్రం చెప్పి, ఫుమికోని బండెక్కించి పార్కింగు వైపు ఉరికించాడు. ఆలస్యమైతే పేరు కొట్టేస్తారని ఇద్దరికీ తెలుసు. ఆ అమ్మాయి ఏడాది కష్టం తన కార్లోనే ముగిసిపోతోందని దామోదర్ యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కాడు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి చేరారు. మేపుల్ హాలో పల్లంలో ఉంది. మైదానం నిండా పొగమంచు, పది అడుగుల అవతల మనిషి కనబడటం లేదు. ఉదయం నుంచి అక్కడ ఒక్క బంతీ కదల్లేదు. ఆట పదింటికి మొదలవుతుందన్నారు. మిగతా నలభై మంది ఆరింటినుంచి కుర్చీల్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. ఫుమికో అప్పటికే మూడు గుంతలు ఆడి వచ్చింది.

ఆ రోజు రెండడుగుల దూరంలో ఆమె ఒక్కటీ తప్పలేదు. ఒక్కసారి చూడటం, కొట్టేయడం. ముగ్గురికే చోటున్న పోటీలో మూడోదిగా నిలిచింది. ఆఫీసు సంగతి మరచి ఆమె బ్యాగు మోసిన దామోదర్‌కి కళ్ళు చెమర్చాయి. ఆమె మాత్రం వంగి నమస్కరించి, అన్నం ఉందా అని అడిగింది.

సాయంత్రం వాళ్ళు భోంచేస్తుండగా హ్యాంక్ ఫోన్ చేశాడు. ఆ మూడు గుంతల పుణ్యాన పళ్ళ డాక్టర్ల పోటీలో వాళ్ళ జట్టే గెలిచిందట.

"ఆ అమ్మాయిలో టాలెంట్ ఉందండి. రెండు మూడేళ్ళు నేర్చుకుంటే ప్రొఫెషనల్ కూడా కావచ్చు. కావాలంటే నేనే నేర్పుతాను," అన్నాడు.

దామోదర్ నవ్వు ఆపుకుంటూ ఆ మాట ఫుమికోకి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, వారంలో ఏ రోజు ఆయనకు వీలవుతుందో కనుక్కోమంది.