చదివింపుల కంపెనీ

"గుడివాడ చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలి! పూర్ణకుంభానికి ముందు! పూర్ణకుంభానికి తరవాత!"

ప్రేమ్ సాగర్ మైకులో ఈ ప్రకటన చేసే వేళకు కల్యాణమండపం వెనక వంటశాలలో రావమ్మ కందగడ్డ తరుగుతోంది. చరిత్ర కంటే ఆవిడకు కంద ముఖ్యం. అది సరిగా ఉడక్కపోతే మూడువందల గొంతులూ దురదపెడతాయి.

పూర్ణకుంభ క్యాపిటల్ అనేది ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. అంటే పదిమంది డబ్బు పోగేసి, పైకి రాగల వ్యాపారాల్లో వాటాలు కొని, అవి పైకొచ్చాక వాటాలు అమ్ముకుని వెళ్లిపోయే సంస్థ. కృష్ణా జిల్లాలో ఇదే మొదటిదని ఫ్లెక్సీ మీద ఉంది. ఫ్లెక్సీ మీద ఉన్నది అబద్ధమని గుడివాడలో ఎవరూ అనరు. రేపు తామూ ఫ్లెక్సీ కట్టించుకోవాలి కదా!

ప్రేమ్ సాగర్ పదేళ్లు ఇన్సూరెన్సు పాలసీలు, ఐదేళ్లు ఇళ్ల ప్లాట్లు అమ్మినవాడు. ఆ రెండూ కొనేవాళ్లు అయిపోయాక హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, కోటు కుట్టించుకుని వచ్చాడు. రోహిణికార్తె ఎండలోనూ ఆ కోటు విప్పలేదు. విప్పితే సంస్థ మూతపడిందనుకుంటారని భయం.

రావమ్మకు ఈ గొడవతో సంబంధం ఎలా కలిసిందంటే, ఆవిడ మెస్సు బస్టాండు పక్క సందులో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. బస్టాండు పక్కనే ఉన్నా ఆవిడ కదిలే బస్సును ఏనాడూ చూడదు. వీధికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నారంటే ఆవిడకు చేతులు చల్లబడతాయి. మెస్సులో ఆవిడ కాక నలుగురు ఆడవాళ్లు. వంటలో పెద్దది గంగాదేవి, కోడూరు మనిషి. తుఫానులో ఇల్లు పోయి ఒకతె, మొగుడు పోయి ఒకతె, అలా చేరినవాళ్లు. అయిదుగురికీ పొయ్యి అదే, పడక అదే.

ఆ ఇల్లు కాంతారావు గారిది. ఆయనకు రైసుమిల్లుంది, కోడూరు వైపు రొయ్యల చెరువులున్నాయి, బందరులో మేడ ఉంది. ఉగాది వెళ్లగానే కబురు పెట్టారు. "కాంప్లెక్సు కడతాను. దసరాకి ఖాళీ చెయ్యి. కాదంటే నలభై లక్షలు తెచ్చి నువ్వే కొనుక్కో."

ఆ రోజునుంచీ రావమ్మకు నిద్రలేదు. ఇల్లు పోతే నలుగురూ నాలుగు బస్సులెక్కుతారు. అప్పుడు ఎటు వీపు పెట్టి కూర్చోవాలి?

సరిగ్గా అప్పుడే ప్రేమ్ సాగర్ కోటుతో సహా భోజనానికి వచ్చాడు.

"పిన్నిగారూ, మీ మెస్సులో సగం వాటాకి నలభై లక్షలు పెడతాం!"

"పెట్టి?"

"పెంచుతాం. బందర్లో ఒక బ్రాంచి, అవనిగడ్డలో ఒక బ్రాంచి."

"పెంచి?"

"ఐదేళ్లకి మా వాటా అమ్ముకుని ఎగ్జిట్ అయిపోతాం."

రావమ్మ వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టింది. "రాకముందే పోయే రోజు రాసుకుంటారా నాయనా?"

"అదేనండీ ప్రొఫెషనలిజం."

"మా ఆయనా అదే చేశాడక్కా," అంది గంగాదేవి సాంబారు బకెట్టు దించుతూ. "ప్రొఫెషనలిజం అని తెలీక తిట్టిపోశాను."

ఇక మిగిలింది ఒక చిన్న పని. ఆ నలభై లక్షలు సంపాదించడం. రెండు నెలలు ప్రేమ్ సాగర్ గడపగడపా తిరిగాడు. అందరూ మజ్జిగిచ్చి ఒకే ప్రశ్న వేశారు. "ఇంకెవరు పెట్టారు?" మొదట పెట్టేవాడు లేక రెండోవాడు లేడు. రెండోవాడు లేక మొదటివాడు లేడు.

చివరికి ఉయ్యూరులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అతనికి జ్ఞానోదయమైంది. చదివింపులు జరుగుతున్నాయి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతున్నారు. బావగారు వెయ్యినూటపదహార్లు అనగానే బావమరిది రెండువేల నూటపదహార్లన్నాడు. పావుగంటలో ఇద్దరు వియ్యంకులూ లేచి నిలబడ్డారు! ప్రపంచంలో ఇంత తొందరగా పెట్టుబడి పోగయ్యే పద్ధతి ఇంకోటి లేదని ప్రేమ్ సాగర్ అక్కడే పూర్ణం బూరె చేతిలో పట్టుకుని గ్రహించాడు.

అందుకే ఈ కల్యాణమండపం, ఈ మేళం, ఈ మూడువందల భోజనాలు. పెళ్లిలో చదివిన మనిషినే పిలిపించారు.

"శ్రీ కాంతారావు గారు! రెండు కోట్ల నూటపదహార్లు!"

మేళం మోగింది. కాంతారావు గారితో చెరువు గట్టు దగ్గర తగాదా ఉన్న ఆసామి లేచి కండువా దులిపాడు.

"నాది మూడు కోట్ల నూటపదహార్లు రాసుకోండి!"

"ఏమయ్యా చదివేవాడా," అన్నారు కాంతారావు గారు, "నాది తప్పు చదివావు. ఐదు!"

పప్పు వడ్డించేసరికి యాభై కోట్లు. పెరుగు వచ్చేసరికి నూటనాలుగు కోట్లు. అందరూ స్టాంపు కాగితాల మీద సంతకాలు పెట్టారు. కాగితం నాలుగు మూలలా పసుపు. సంతకం పెడుతూ ఫొటో. కాగితంలో ఏముందో ఎవరూ చదవలేదు. శుభలేఖను ఎవరు చదువుతారు? భోజనం టైము చూస్తారు, అంతే!

తరవాత పూర్ణకుంభం పెరిగిన తీరు చెప్పనలవి కాదు. ఏలూరు రోడ్డులో అద్దాల ఆఫీసు. బందర్లో చదివింపులు. అవనిగడ్డలో చదివింపులు, అక్కడ పెట్టుబడికి పోటీగా రెండు వర్గాలు విడివిడిగా మేళాలు పెట్టుకున్నాయి. శ్రావణం వచ్చేసరికి ఎనభై ఒక్కమంది భాగస్తులు, మూడువందల కోట్లు. అన్నీ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. బయట ఒక్క రూపాయి లేదు.

ప్రేమ్ సాగర్ భాగస్తులందరికీ పిలుపు పంపాడు. ఒప్పుకున్న సొమ్ము కట్టండి అని.

మర్యాదగల మనుషులు! వారంలో ఎనభై ఒక్క కవర్లూ వచ్చాయి. పైన గంధం బొట్టు. లోపల తలా నూటపదహారు రూపాయలు.

"కోట్లు ఏవండీ?" అని పరుగెత్తాడు ప్రేమ్ సాగర్.

"మాట తప్పే వంశం కాదయ్యా మాది," అన్నారు కాంతారావు గారు. "నూటపదహార్లు పంపాం. కోట్లంటావా, అవి గౌరవార్థం!"

భాద్రపదంలో అద్దాల ఆఫీసు ఖాళీ అయింది. ప్రేమ్ సాగర్ బోర్డు చంకలో, పెట్టె చేతిలో పట్టుకుని మెస్సుకు వచ్చాడు.

"పిన్నిగారూ, ఆనాటి భోజనాల బిల్లు లక్షా తొంభైరెండువేలు. నా దగ్గర లేదు. బదులుగా షేర్లు రాసిచ్చాను. ఇవిగో అన్ని కాగితాలూ. హైదరాబాదు బస్సుంది."

రావమ్మ చేతులు చల్లబడ్డాయి. "ముందు అన్నం తిను. బస్సులు రోజూ ఉంటాయి."

అతను తింటుంటే ఆవిడ కాగితాలు ముందేసుకుంది. రావమ్మ బడి మొహం ఎరగదు. పచారీ పొట్లాల మీద కూడబలుక్కుని నేర్చుకుంది చదువు. పొట్లం కాగితంలో కథ ఎప్పుడూ సగంలో చిరిగిపోయి ఉంటుంది. అందుకని, చివరిదాకా ఉన్న కాగితం దొరికితే ఆవిడ చివరిదాకా చదవకుండా వదలదు. పదిహేడో షరతు రెండుసార్లు చదివింది.

"పిలుపు అందిన ముప్పై రోజుల్లో కట్టనివారి దగ్గర, సంస్థలో ఎక్కువ వాటా ఉన్నవారు కోర్టు ద్వారా వసూలు చేసుకోవచ్చు. ఇదేమిటి నాయనా?"

"ఏమోనండీ. పెద్ద ఫండు కాగితం చూసి దించాను. నేను చదవలేదు."

"ఎక్కువ వాటా ఎవరిది?"

ప్రేమ్ సాగర్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఎనభై ఒక్క కవర్లూ కలిపితే పదివేలు కాలేదు. "మీదేనండీ. నూటికి తొంభై అయిదు వంతులు."

గంగాదేవి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అంటే మనల్ని కొనడానికొచ్చిన కంపెనీని మనమే కొన్నామా అక్కా? అదీ కందతో!"

మర్నాడు రావమ్మా, గంగాదేవీ కాంతారావు గారి అరుగెక్కారు.

"రా రావమ్మా. ఖాళీ ఎప్పుడు?"

"అది మాట్లాడదామనేనండీ. తమరు ఫండుకి ఐదు కోట్లు కట్టాలి."

"నేనా? ఎవరికి?"

"నాకేనండీ."

ఆయన నవ్వారు. కాగితం చూశారు. పసుపు కింద తన సంతకం చూసి నవ్వు ఆపారు. "అది ఊరికే అన్నమాట!"

"కోర్టులో అలాగే చెప్పుకుందురుగాని. ఆయన దగ్గర ఐదు కోట్లు లేవట అని జడ్జిగారు రాసుకుంటారు. పేపర్లో వేస్తారు."

"లేవని ఎవడన్నాడు?" కాంతారావు గారు అరుగు దద్దరిల్లేలా అరిచారు.

"ఉంటే కట్టండి, బాబుగారూ," అంది గంగాదేవి నెమ్మదిగా.

కాంతారావు గారు మంచినీళ్లడిగారు. చాలాసేపు తాగారు. కోట్లు పోతాయని కాదు, లేని కోట్లు ఎలా పోతాయి? లేవని చెరువు గట్టు ఆసామికి తెలిసిపోతుంది!

వారంలో రిజిస్ట్రారాఫీసులో కాగితాలయ్యాయి. రావమ్మ కోర్టు మాట ఎత్తదు, ఇరవై ఏళ్లు అదే అద్దెకు మెస్సు కదలనక్కర్లేదు. ఆయన వైపునుంచి షరతు ఒక్కటే. ఐదు కోట్లూ కట్టినట్టు లోకం అనుకోవాలి. రావమ్మ అభ్యంతరం చెప్పలేదు. దసరాకి బస్టాండు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. "మహిళల ఉపాధికై అక్షరాలా ఐదు కోట్లు చెల్లించిన దానకర్ణుడు!"

ఫ్లెక్సీలు శ్రద్ధగా చదివేవాళ్లు ఇద్దరే ఉంటారు. ఒకడు కట్టించుకున్నవాడు. రెండోవాడు ఇన్‌కంటాక్సు వాడు.

దీపావళి వెళ్లిన సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు, ముగ్గురు అధికారులు మెస్సుకు వచ్చారు. పూర్ణకుంభం బోర్డు ఇప్పుడు అక్కడే, గ్యాసుబండల పైన వేలాడుతోంది. చదివింపుల పుస్తకం అడిగారు. రావమ్మ తుడిచి ఇచ్చింది. కాంతారావు గారికి కబురు వెళ్లింది. ఆయన చెప్పులు తారుమారుగా వేసుకుని వచ్చారు.

"ఐదు కోట్లు ఎక్కడివండీ?" అన్నాడు పెద్ద అధికారి.

"రావమ్మా! చెప్పమ్మా! నేను కట్టలేదని చెప్పు!"

"తమరే చెప్పాలండీ. కట్టారని నేను అనలేదు, కట్టలేదనీ అనలేదు."

కాంతారావు గారు చుట్టూ చూశారు. నలభై ఆకులు. అందులో సగం ఆకుల ముందు ఫండు భాగస్తులే. మూడో వరసలో చెరువు గట్టు ఆసామి గోంగూర కలుపుతున్నాడు.

"నా దగ్గర అంత లేదండీ," అన్నారు చిన్నగా.

"కొంచెం గట్టిగా. రాసుకుంటున్నాం."

"ఐదు కోట్లు కాదు, ఐదు లక్షలు కూడా లేవండీ! చెరువులు బ్యాంకులో ఉన్నాయండీ! మిల్లు మా బావమరిదిదండీ! బందరు మేడ అద్దెదండీ!"

చెరువు గట్టు ఆసామి మొహం వెలిగిపోయింది. నవ్వు ఆపుకోలేక పొలమారింది. అధికారి పుస్తకంలో వేలు కిందికి జరిపాడు.

"తరవాత పేరు. మూడు కోట్ల నూటపదహార్లు. ఎవరండీ?"

నలభై తలలూ ఆకుల మీదికి వంగాయి. రావమ్మ ముందుకు వచ్చి, మూడో వరసలో ఆయనకు మారు వడ్డించమని చెయ్యి చూపించింది. మజ్జిగ వేళకు గుడివాడలో కోటీశ్వరుడన్నవాడు ఒక్కడూ మిగల్లేదు.